మునిగి తేలిన టార్పెడో పడవ

ఆదివారం రాత్రి, ఎడిసన్, అమెరికా

రేపు స్కూల్లో మనవరాలు సహస్ర జర్మనీ వాళ్ళ టార్పెడో పడవ చరిత్ర చెప్పాలి. చదవబోయే వ్యాసం కంప్యూటర్ రాసిందేనని మా అబ్బాయికి అనుమానం. పట్టుబడితే సున్నా వేస్తారట. నాకూ అనుమానమే, అందుకే మధ్యాహ్నం పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో చెప్పించుకున్నాను.

యుద్ధంలో ఆ పడవ నీళ్ళలో పెట్టిన మైన్ బాంబు తగిలి మునిగిపోయిందంది. కాసేపటికి తన కథలో అదే పడవ మళ్ళీ సముద్రంలో కాపలా తిరుగుతోంది.

"ఏమే, దయ్యమై తిరిగిందా?"

"కాదు తాతా, పైకి లాగి రిపేర్ చేశారు."

"లోపలున్నవాళ్ళని కూడా రిపేర్ చేశారా?"

మొహం చిన్నబుచ్చుకుని, ల్యాప్‌టాప్ మూసేసి పైకెళ్ళిపోయింది. దొంగ దొరికిందనుకున్నాను.

భోజనాల దగ్గర తనే వచ్చి నా పక్కన కూర్చుంది.

"తాతా, చాలా సెర్చ్ చేశాను. కొంతమంది చచ్చిపోయారని ఉంది, పేర్లు లేవు. నాకు దొరకలేదు అనే రాశాను."

కంప్యూటరైతే ఏదో ఒక పేరు పుట్టించేది. మొన్న మా తాత పేరేంటని ఫోన్‌ని అడిగితే, తడుముకోకుండా ఎవరి పేరో చెప్పింది.

పిల్లే రాసిందిరా అని అబ్బాయితో అన్నాను. వాడిప్పుడు నన్ను కూడా అనుమానంగా చూస్తున్నాడు. రేపు టీచరైనా నమ్ముతుందో లేదో...