మరగబెట్టని ద్రాక్షారసం

నాచారం,
28 సెప్టెంబర్ 1995, గురువారం

ప్రభువు కాపుదలలో దూరదేశాన ఉన్న నా తమ్ముడు పీటర్‌కు, నీ అక్క సారమ్మ ప్రేమతోనూ కన్నీళ్లతోనూ తెలియజేసే సంగతులు.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం మర్యాద. క్షేమంగా లేము తమ్ముడూ. నాయిన పోతున్నాడు. గొంతులో గడ్డ ముదిరిపోయిందని, ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానాలో చెప్పేశారు. జావ తప్ప ఏదీ దిగడం లేదు. మాట గుసగుస అయిపోయింది, అది కూడా రోజురోజుకీ సన్నబడుతోంది. అందుకే ఈ ఉత్తరం అందగానే బయలుదేరు. పోయినసారి రాసినట్టు నాయిన పిలిస్తేనే వస్తానని మళ్లీ రాశావో, నేను నీకు అక్కను కాను. పదేళ్లుగా మీ ఇద్దరి మొండితనం మధ్య నలిగి నలిగి నా ప్రాణం విసిగిపోయింది.

సోమవారం ఎస్టీడీ బూత్‌కు పోయి నువ్విచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో మగమనిషి ఎత్తి వాళ్ల భాషలో ఏదో అన్నాడు. పీటర్, పీటర్ అని అరిచాను. ఆయన కూడా పీటర్, పీటర్ అని నవ్వాడు. అక్కడ మీటరు తిరిగిపోతోంది, ఇక్కడ నాకు ఏడుపొస్తోంది. పెట్టేసి వచ్చేశాను.

నా భయం చావు గురించి ఒక్కటే కాదు. మన సంఘం కట్టుబాటు నీకు తెలియనిదా? ప్రభువు బల్ల దగ్గర రొట్టె, రసం ఇవ్వకుండా వేరు చేసిన మనిషి తలుపు దగ్గర, చెప్పుల పక్కన చాప మీద కూర్చోవాలి. కూర్చోబెట్టిన పెద్దే వచ్చి చెయ్యి పట్టుకుని లేపితే తప్ప లోపలికి రాకూడదు. నిన్ను కూర్చోబెట్టింది నాయిన. ఆయన చెయ్యి చల్లబడ్డాక నిన్ను లేపేది ఎవరు? రేపు నాయిన పెట్టెకు భుజం పెట్టడానికి కూడా నిన్ను రానివ్వరు. ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

ఆ ఈస్టరు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఉప్పల్ తోటలో కోత అయ్యాక మిగిలిన నల్లద్రాక్షను నాయిన ఎప్పటిలాగే తడికల మీద ఎండబెట్టాడు. నానబెట్టి, పిసికి, మరగబెట్టి, గుడ్డలో వడగట్టి బల్లకు రసం చేయడం ఆయన పని. మరగబెడితేనే మత్తు ఎక్కదని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పాడు. ఆ యేడు నువ్వు ఎదిగావని జాడీ నీ చేతికి అప్పగించాడు. తీరా ఈస్టరు నాడు బల్ల దగ్గర దానమ్మ చిన్నమ్మ రెండో గిన్నె అడిగింది! పాస్టరు గారు వాసన చూసి, ఇది మరగబెట్టింది ఎవరని అడిగారు. నువ్వు లేచి, నేనే మరగబెట్టలేదు, తాగింది కూడా నేనే అన్నావు. నాయిన సంఘ పెద్ద కదా, తలకాయ వంచుకుని వచ్చి నిన్ను చాప మీద కూర్చోబెట్టాడు. మరుసటి వారం నువ్వు బొంబాయి రైలెక్కావు. అక్కడ ఓడలో వంటపని, ఆ ఓడ దిగి ఇటలీ. ఆనాటి నుంచి నాయిన నీ పేరెత్తలేదు. జాడీని కూడా ముట్టలేదు, నా నెత్తిన పెట్టేశాడు. కొడుకు చేసిన పనికి సిగ్గని మేమంతా అనుకున్నాం.

ఇక నువ్వు పంపిన సీసా సంగతి. నీకు బుద్ధి ఉందా తమ్ముడూ? రాష్ట్రమంతా మద్యనిషేధం, రైళ్లలో సంచులు తెరిపించి చూస్తున్నారు. నీ ఓడ స్నేహితుడు బుచ్చిబాబు దాన్ని బొంతలో చుట్టి తెచ్చి, ఇది పట్టుబడితే నా బతుకు బస్టాండేనండీ అక్కగారూ అని మంచినీళ్లు కూడా ముట్టకుండా పరుగెత్తాడు. మీ బావ దాన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టారు.

దానితో నువ్వు పంపిన చీటీ నాయినకు చదివి వినిపించాను. అక్కా, ఈడ గూడ నాయిన లెక్కనే ద్రాక్షను తడికల మీద ఎండబెడ్తరు, చలికాలం నడుమ దాంక ఎండినంక పిండి, కొయ్య పీపాలల్ల ఏండ్లకేండ్లు పెడ్తరు, నాయినకు ఒక్క చెంచ పట్టి ఏమన్నడో రాయి అని రాశావు. నాయిన గోడవైపు తిరిగాడు. వద్దని మాత్రం అనలేదు. సీసా మీద కాగితం చూశాను. మిగతా అక్షరాలు నాకు తెలియవు గానీ 1985 అని ఉంది. నువ్వు వెళ్లిపోయిన యేడు! కావాలనే వెతికి పంపావా?

అలాగే ఎలా పట్టిస్తాను చెప్పు? మత్తు ముట్టని మనిషి, పోయే ముందు ఆయన నోరు నా చేత్తో ఎంగిలి చేయనా? అందుకని నాకు తెలిసిన పని చేశాను. బిరడా తీయడం చేతకాక మీ బావ స్క్రూడ్రైవర్ పిడితో లోపలికి తోశారు. సగం సీసా పాలగిన్నెలో పోసి, ఇంత చక్కెర వేసి పొయ్యి మీద పెట్టాను. వాసన మేడ మీదికి పోయింది. మా ఇంటి ఓనరు అన్నపూర్ణమ్మగారు మెట్లు దిగి వచ్చి, సారా కాస్తున్నారా ఏమిటమ్మా, పోలీసులొస్తే నా ఇల్లు సీలు చేస్తారు అని గొల్లుమన్నారు. నాయిన కషాయం అండీ అన్నాను. ఆవిడ లోపలికి తొంగిచూసి, నాయిన డొక్కలు చూసి, వెనక్కి మెట్లెక్కారు. తర్వాత తానే కిటికీలన్నీ తెరిచి అగరొత్తులు వెలిగించారట.

చల్లారాక ఒక చెంచా నాయిన నోట్లో పోశాను. తుపుక్కున ఉమ్మేశాడు. కళ్లెర్రజేసి, ఎవలు మరగబెట్టిన్రు దీన్ని, బంగారమసొంటి దాన్ని పాడు జేసిన్రు గదా అన్నాడు. తమ్ముడూ, నేను బిత్తరపోయాను. ఆ సీసాలోది ఎలా ఉంటుందో నాయినకు ఎలా తెలుసు? అడిగితే కళ్లు మూసుకున్నాడు.

మిగిలిన సగం సీసా ముందేసుకుని వంటింట్లో కూర్చున్నాను. బుద్ధెరిగి నేను ఏ మత్తూ ముట్టినదాన్ని కాను. కానీ నాయినకు పట్టేదేమిటో నాకు తెలియాలి కదా. స్టీలు గ్లాసులో కొంచెం పోసుకున్నాను. నేరేడుపండు పిండినట్టు అంత నలుపు, గ్లాసు అడుగు కనబడలేదు. వాసన చూస్తే ముందు కిస్మిస్, తర్వాత లవంగం, ఆ తర్వాత అమ్మ చీరల సందుగ తెరిచిన వాసన. నోట్లో పోసుకుంటే తియ్యగా తగిలిందో లేదో, అంతలోనే నాలుకంతా వగరు పట్టేసింది. మాడీమాడని బెల్లప్పాకం, ఎండు ఖర్జూరం, ఇంకా పేరు తెలియని రుచులేవో ఒకటి వెనక ఒకటి వచ్చాయి. కడుపు దాకా వెచ్చగా దిగింది. ఆఖరున కొద్దిగా చేదు మిగిలింది. మందు చేదు కాదు, మెంతులు నమిలిన చేదు. చాలాసేపు అది నోట్లోంచి పోలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇంతసేపు నిలిచే రుచిని నా జన్మలో చూడలేదు.

తప్పయితే ప్రభువు నన్నే అడగనీ అనుకుని, మరగబెట్టనిది చెంచాలో పట్టుకెళ్లాను. నాయిన మింగలేక నోట్లోనే ఉంచుకున్నాడు. రెండు దవడలూ మెల్లగా కదిలించాడు. కణతల మీదుగా కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. ఇంకో చెంచా అని సైగ చేశాడు. ఆ తర్వాత ఒకటే మాట అన్నాడు. ఐతారం బల్లకు నన్ను గుడికి తీస్కపో అని. కూర్చోలేని మనిషి, ఆదివారం ఎలా తీసుకుపోను? పోకపోతే ఊరుకునేలా లేడు.

నిన్ను తిరిగి చేర్చుకుంటున్నానని చెప్పడానికేనని నా ఆశ. గొంతు అప్పటిదాకా ఉంటుందో లేదో. నువ్వు వచ్చేదాకా ఆయన ఉంటాడో లేదో. నాకేమీ తోచడం లేదు. రా తమ్ముడూ, నీ కాళ్లు పట్టుకుంటాను, రా.

నీ రాకకు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న
నీ అక్క
సారమ్మ

తా.క. — 1 అక్టోబర్, ఆదివారం సాయంత్రం.

ఈ ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. నిన్న మీ బావ ఉప్పల్ పోస్టాఫీసుకు పోయేసరికి మూసేశారట. నానా తిట్లూ తిట్టాను. ఇప్పుడు అదే మంచిదైంది, ఎందుకంటే నీకు అసలు సంగతి రాయాలి. నీకు తెలిసిన సంగతే.

నిన్న పొద్దుగూకే వేళ నాయిన నా చెవి తన నోటి దగ్గరికి లాక్కున్నాడు. ఆనాడు జాడీల గిదే రుచి ఉండె బిడ్డా అన్నాడు. పీటర్ మరగబెడ్తనని పొయ్యి అంటువెట్టిండు, నేనే ఆర్పిన, జర ఆగు అన్న, ఒక్కనాడు రుచి సూసిన, ఇగ ఆగలేకపోయిన, రోజు గిలాసెడు తాగిన, వాడు సూసిండు అన్నాడు. గుడిల అందరు అడిగితే నా మొఖం జూసి వాడే లేచిండు, నేను నోరు మూసుకున్న అన్నాడు. ఒక్కో మాటకూ దగ్గు. పదేళ్లు తమ్ముడూ! నువ్వు నాకైనా ఒక్క ముక్క చెప్పలేదేం? నిన్ను నేను కూడా తిట్టుకున్నాను కదరా.

ఇవాళ ఆటోలో తీసుకుపోయాం. పెద్దల బెంచీ మీద కూర్చోబెట్టబోతే నాయిన మీ బావ చెయ్యి విదిలించుకున్నాడు. తలుపు దగ్గర, చెప్పుల పక్కన, నువ్వు కూర్చున్న చాప మీద కూలబడ్డాడు. గుడంతా వెనక్కి తిరిగి చూసింది. గిన్నె వచ్చినప్పుడు చేత్తో అడ్డం పెట్టాడు. పాస్టరు గారు ఏమైంది అబ్బయ్యా అని అడిగితే గొంతు పెగల్లేదు, నావైపు వేలు చూపించాడు. ఆ గుడిలో ఎప్పుడూ నోరెత్తని నేను లేచి మొత్తం చెప్పేశాను. దానమ్మ చిన్నమ్మ ఒక్కతే బోరుమంది.

పాస్టరు గారు స్వయంగా దిగి వచ్చి, లే అబ్బయ్యా అని చెయ్యి అందించారు. నాయిన తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెదాలు మాత్రం కదిపాడు. అందరికీ అర్థమైంది, అది నీ పేరు.

ఇంటికొచ్చినా మంచం ఎక్కనంటున్నాడు. గడప దగ్గర, మా చెప్పుల పక్కన చాప వేయించుకుని అక్కడే పడుకున్నాడు. నాయిన పిలిస్తేనే వస్తానన్నావు కదా. పిలిచాడు. వచ్చి లేపు.