డిస్కు నిండిన రోజు

నల్లగొండ,
ఆగస్టు 1999

హలీమా,

నా ఉద్యోగం పోలేదు, ఫికర్ పడకు. మా ఆఫీసులో రాసిన ప్రోగ్రాములన్నీ బ్రౌజర్‌లో చూపించే కంప్యూటర్ ఒకటుంది. ఎవరు ఏ పేజీ తెరిచినా, మళ్ళీ త్వరగా చూపడానికి ఒక నకలు దాచుకుంటుంది. మొన్న ఆ నకళ్ళతోనే డిస్కు నిండి పని ఆగిపోయింది. ఆ నకళ్ళన్నీ చెరిపేశాను.

మా యజమాని జంగయ్య సార్ అదిరిపడ్డారు. "గదేంది బిడ్డా, మూడేండ్ల కష్టమంతా తుడిచేసినవా?"

"అసలైనవి వేరే డిస్కుల ఉన్నయి సార్. జర ఆగుండ్రి," అని ఒక పేజీ మీద నొక్కాను. నకలు లేదు కదా, మెల్లగా తెరుచుకుంది.

సార్ నవ్వేశారు. "ఇగ గీ మిషన్ నువ్వే చూసుకో. వారానికోసారి సాఫ్ చెయ్."

కొత్త పాస్‌వర్డ్ కూడా నన్నే పెట్టమన్నారు. నీ పేరు పెట్టాను. ఎవరికీ చెప్పకు.

నీ దోస్తు