వియ్యపురాలి దవడ

బావగారికి నమస్కారాలు.

కంటి ఆపరేషన్‌కని వచ్చిన మా ఆవిడని మీ ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నారు. వియ్యంకులంటే ఇలా ఉండాలని అందరికీ చెప్పుకున్నాను. నిన్న మీ కవరు వస్తే క్షేమ సమాచారాలనుకుని ఇంటిల్లిపాది ముందూ పైకి చదివాను. "ఆవిడ నమలదు, మింగేస్తుంది. నోరు పూర్తిగా తెరిస్తే బకెట్ పడుతుంది. పొట్ట దగ్గర దొరికినవన్నీ దాచాను. ఎదురుపడ్డదేదీ వదిలినట్టు లేదు."

ఇలాంటివి రాస్తారని తెలిస్తే హోటల్లో దింపేవాణ్ణి.

ఇట్లు,
మీ వియ్యంకుడు

తా.క. పొట్ట దగ్గర దొరికినవేమిటి? మీ చెంచాలేవైనా పోతే మా సంచుల్లో లేవు. వెతికాం.

*

బావగారికి, తల దించుకుని రాస్తున్నాను.

కవర్లు తారుమారయ్యాయి. మీకొచ్చింది మా మ్యూజియం పెద్దాయనకి రాసిన కాగితం. మనుషులు పుట్టకముందే అంతరించిపోయిన ఓ సముద్రపు బల్లి పుర్రెని ముక్కముక్కగా అతికిస్తున్నాను. అది ఏం తినేదో తేల్చడం కూడా నా పనే. ఏడాదిగా దాంతోనే కాపురం కాబట్టి 'ఆవిడ' అనడం అలవాటైంది. దొరికినవి చేప ముళ్ళు.

"కన్ను నలపకండి, చుక్కల మందు మానకండి" అని మీ ఆవిడకి రాసింది పెద్దాయనకి చేరింది. ఆయన నన్ను అదోలా చూస్తున్నారు.

మీ ఆవిడకీ ఆ బల్లికీ పోలికే లేదు. దాని పళ్ళు వెనక్కి వంగి ఉంటాయి. మీ ఆవిడవి ముందుకి.

క్షమాపణ కోరుతూ,
మీ బావ

తా.క. చివరి మాట కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే ఇంకేం రాశానో అనుకుంటారని ఉంచేశాను.

*

అయ్యా,

'బావగారు' అనడం మానేశాను, గమనించగలరు.

మా ఆవిడ పళ్ళు ఎటు వంగాయో మీకెందుకు? ఇన్నేళ్ళ కాపురంలో నేనే చూడలేదు. మీరు రాశాక పక్కనుంచి చూశాను. నిజమే, కానీ అది వేరే సంగతి.

ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. అందరికీ వడ్డించి, చివర్న అడుగంటింది తను తింటుంది. అలాంటి మనిషిని అంటే ఊరుకోను. మీరొచ్చి ఆవిడకి క్షమాపణ చెప్పేదాకా కోడల్ని మీ గడప తొక్కనివ్వను.

ఇట్లు,
ఒకప్పటి మీ బావగారు

తా.క. ఆ మాటే కోడలితో అన్నాను. "మా నాన్న ఇంటికెళ్తానంటే ఆపడానికి మీరెవరు మావయ్యా" అని సంచి సర్దుకుంది. శనివారం బండికి దిగుతుంది. స్టేషన్‌కి వెళ్ళండి, సామాను ఎక్కువుంది.

*

అన్నయ్యగారికి మీ వియ్యపురాలు రాస్తున్నది.

కన్ను బాగా కనిపిస్తోంది. ఆ కాగితంలో ఉన్నది బల్లి గురించని నాకు మొదటిరోజే తెలుసు. మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాని తిండి గురించి చెప్పకుండా మీరు నన్ను ఒక్కపూట భోజనం చెయ్యనిచ్చారా?

ఈయనకి చెబుదామనే లేచాను. అప్పటికే చొక్కా కూడా వేసుకోకుండా బల్ల ముందు కూర్చుని, రాసేది పైకి చదువుకుంటూ నా తరఫున మీతో పోట్లాడుతున్నారు. పెళ్ళయ్యాక నా గురించి ఆయన నోట ఒక మంచి మాట వినడం ఇదే మొదటిసారి. నేనేం తింటున్నానో ఆయన చూశారని కూడా మొన్ననే తెలిసింది. అందుకే నోరు మెదపలేదు. మీకు ఇబ్బంది కలిగింది, ఏమనుకోకండి.

క్షమాపణ మాత్రం అప్పుడే చెప్పకండి. ఇంకొక్క ఉత్తరం రాయండి, కాస్త ఘాటుగా.

మీ చెల్లెలు

తా.క. ఆ బల్లి మొగుడి పుర్రె ఎప్పుడైనా దొరికితే, లోపల ఏమైనా ఉండేదేమో చూసి చెప్పండి.