చదవని చివరి పేరా

2012 ఆగస్టు, మంగళవారం. శంషాబాద్

అన్న ఇంకా కళ్లు తెరవలేదు. పొద్దున స్కాన్‌లో చూస్తూ ఊపిరితిత్తిలోని గడ్డ నుంచి ముక్క తీయడానికి సూది దించారు. గాలి రక్తనాళంలోకి వెళ్లి మెదడుకు చేరిందట. చాలా అరుదు అన్నాడు డాక్టర్.

అన్న కళ్లద్దాలు మహేశ్వరంలోనే మరిచి వచ్చాడు. అంగీకారపత్రం నేనే చదివి వినిపించాను, చివరి పేరా తప్ప. మా పత్రికలో వార్తకు చోటు చాలకపోతే మేం ముందు కోసేది చివరి పేరానే. ఈ ప్రమాదం గురించి రాసి ఉన్నది నేను చదవని ఆ పేరాలోనే.

"నువ్వు సదివినంక ఇగ నాకేం భయం తమ్మీ?" అంటూ అన్న సంతకం పెట్టాడు.

సాయంత్రం వదిన అడిగింది: "గిట్లయితదని కాయితంల రాయలే గద, శీనూ?"

"డాక్టర్‌ను అడిగి చెప్త వదినా" అన్నాను.

ఆ కాగితం నకలు అప్పుడు నా సంచిలోనే ఉంది.