బడి గంజి

5 జులై 1943, సోమవారం
ఇవాళ్టి నుంచి నేను పాఠాలు చెప్పే బడిలో మధ్యాహ్నం గంజి. యుద్ధం మూలాన బియ్యం దొరకడం లేదు. పిల్లల్లో సగం మంది మధ్యాహ్నం బెల్లుకి ఇంటికి పోయి తిరిగి రావడం లేదు. అందుకే అన్నని బతిమాలి ఒప్పించాను. మా ఇంట్లో కాచి బకెట్లతో పంపుతారు. హెడ్‌మాస్టర్ అందరి ముందూ నన్ను పొగిడాడు. భర్త పోయాక అన్న ఇంట్లో ఒక మూల పడి ఉంటున్నదాన్ని. పొగడ్త బాగానే ఉంది, ఎందుకు దాచుకోవాలి?

8 జులై
నాలుగో క్లాసు వేదనాయకి గిన్నె తేదు. ఇంటినుంచీ ఏమీ తెచ్చుకోదు. అందరూ తాగుతుంటే గోడవైపు తిరిగి కూర్చుంటుంది. వాళ్ళమ్మ కమలమ్మాళ్ మా పెరట్లోనే పశువుల పనీ, కుక్కల పనీ చేస్తుంది. ఆ పిల్లకి ఇంత జంబమా! నాకు ఒళ్ళు మండింది.

9 జులై
క్లాసు ముందు నిలబెట్టి తాగించాను. ఎందుకు తాగవంటే నోరు విప్పదు. తాగింది. తాగి, గుమ్మం దాటకుండానే కక్కేసింది. వీపు మీద ఒక్కటి వేశాను.

14 జులై, బుధవారం
తలనొప్పి, బడికి పోలేదు. గాలి కోసం పెరట్లోకి వెళ్ళాను.

అన్న వేటకుక్కలకి అండాలో సజ్జ గంజి కాగుతోంది. కమలమ్మాళ్ ముందు కుక్కల తొట్లలో పోసి, పాలు కలిపింది. అవి తాగి పక్కకి పోయాక, అండాలో అడుగున మిగిలినదాంట్లో ఇన్ని నీళ్ళు పోసి తిప్పి, బకెట్లలోకి వంచింది. బడి బకెట్లు.

ఇదేమిటని అరిచాను. ఆమె బిత్తరపోయింది. మొదటి దినమునుంచీ ఇట్లానే కదమ్మా, అయ్య ఇట్లానే పంపమన్నారు, మీకు తెలుసనుకొంటిని అంది.

నాకు తెలుసనుకుంది. అయితే వేదనాయకి కూడా అలాగే అనుకుని ఉంటుంది. తెలిసే తాగించాననీ, తెలిసే కొట్టాననీ. ఈ చెయ్యి విరిగిపోతే బాగుండును.

15 జులై, సాయంత్రం
అన్నతో మాట్లాడాను. పిల్లలకి వేరే పొయ్యి మీద కాయిద్దాం అన్నాను. ఎవరు చెప్పినారు నీకు అన్నాడు. నేనే చూశాను అంటే సరిపోయేది. ఆయన మొహం చూసి భయపడ్డాను. కమలమ్మాళ్ కూతురు చెబుతోంది అన్నాను.

అవును, అలా అన్నాను. ఒక్కమాటైనా చెప్పని పిల్ల మీదికి తోసేశాను.

అన్న అరవలేదు. మన గంజి వాళ్ళకి పనికి రాదంటే నిలిపేస్తాము, కమలమ్మాళ్‌ని కూడా రేపటినుంచీ రావద్దని చెప్పు అన్నాడు. వెళ్ళి చెప్పాను కూడా, కారణం నీ కూతురి మాటేనని.

16 జులై
గంజి లేదు. మధ్యాహ్నం తరవాత క్లాసు సగం ఖాళీ.

20 జులై, మంగళవారం
వేదనాయకి నా బల్ల దగ్గరికి వచ్చింది. టీచరమ్మా, నేను అబద్ధం చెప్పినానని అయ్య దగ్గర మన్నింపు అడుగుతాను, అమ్మని మళ్ళా పనికి పిలుస్తారా అంది. అందరికీ గంజి కూడా పెడతారా అని మళ్ళీ అడిగింది.

ఆ మాట అన్నది నేనే, నువ్వు కాదు, నేనే పోయి చెబుతాను అనాలి. అన్న పొమ్మంటే నేనెక్కడికి పోను? సాయంత్రం రా అన్నాను. ఛీ, ఏం బతుకు నాది!

అదే రోజు, దీపాలవేళ
వచ్చింది. తల దువ్వుకుని వచ్చింది. అన్న ముందు చేతులు కట్టుకుని, గంజి బాగానే ఉంటాదయ్యా, నేనే అబద్ధం చెప్పినాను అంది. అన్న నవ్వి, లోపలినుంచి బెల్లం ముక్క తెప్పించి ఇచ్చాడు. ఈ పెద్ద మనసుకి నన్ను కూడా దణ్ణం పెట్టమన్నట్టు చూశాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను.

22 జులై, గురువారం
గంజి వచ్చింది. కమలమ్మాళే మోసుకొచ్చింది. బకెట్లు దించి, మా పాప అయ్య దగ్గర సరిగ్గా చెప్పినాదా అమ్మా అని అడిగింది.

బాగా చెప్పింది అన్నాను.