చింతపండుతో తోమిన తూటాలు

శనివారం రాత్రి, దసరా మర్నాడు. ప్లేనో, టెక్సస్.

ఇవాళ షూటింగ్ రేంజ్‌లో మా ఆయన రవి ముఖం చూసి తీరాల్సిందే.

పోయినవారం పండగకి దీపపు కుందులు తోముతూ, గరాజ్‌లో గిన్నెనిండా ఉన్న నా తూటా గుల్లల్ని కూడా రవి చింతపండులో నానబెట్టేశాడు. కాల్చాక మిగిలిన ఆ ఖాళీ గుల్లల్లోనే నేను మళ్ళీ తుపాకీమందు నింపుకుంటాను. చూడగానే నాకు ఒళ్ళు మండింది.

"ఇత్తడే కదా, నల్లబడితే తోమాను," అన్నాడు అమాయకంగా.

లోపల తడి ఉంటే మందు పాడవుతుంది. రోజూ ఎండలో పెట్టి, ఒక్కొక్కటీ వెలుతురులో చూసి, అప్పుడుగానీ నింపలేదు. మెరుపు మాత్రం బంగారమే. నిన్న ఆయుధపూజలో రైఫిల్‌కి బొట్టు కూడా తనే పెట్టాడు. దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

ఇవాళ రేంజ్‌లో ఒక్క తూటా కూడా మొరాయించలేదు. నేను రైఫిల్ లీవర్ లాగినప్పుడల్లా గుల్ల ఎగిరిపడుతుంటే తను వంగి ఏరుతూనే ఉన్నాడు.

"ఇందులోనే పెద్ద తూటాలూ పడతాయి, అడవిపందుల్ని కొట్టేవి," అన్నాను.

"నాకు చిన్నవి చాలు. ఇలా ఇవ్వు."

మొదటిది టార్గెట్ అంచుకి తగిలింది. చిన్నపిల్లాడిలా నవ్వాడు.

తిరిగొస్తూ కార్‌లో, "మన రైఫిల్‌కి మంచి కవర్ కొందామా?" అన్నాడు. ఇన్నేళ్లూ "నీ తుపాకీ" అన్న మనిషి. ఇక ఒక్కదాన్నే రేంజ్‌కి వెళ్ళే నా శనివారాలు నాకు మిగులుతాయో లేదో...

ఇప్పుడు కిచెన్‌లో మళ్ళీ చింతపండు నానుతోంది. పులిహోర కోసం మాత్రం కాదు.