బాపు సీరియస్ ఉన్నడు

బుద్వేల్,
శుక్రవారం

అమ్మా,

ఈ ఉత్తరం అన్న నీకు చదివి వినిపిస్తాడు. మధ్యలో లేచి వెళ్లిపోకుండా చివరిదాకా విను. బాపు పోయి నలభై రోజులైంది. ఇన్నాళ్లూ నేను ఎన్నిసార్లు ఫోన్ చేసినా నువ్వు ఎత్తలేదు. నిన్ను తప్పుపట్టను. ఆ రోజు నా వైపు ఏం జరిగిందో ఒక్కసారి నీకు చెప్పుకోవాలి, అంతే.

శంషాబాద్‌లో హోటల్లో కొత్తగా చేరినవాళ్లకు ఇంగ్లీష్ నేర్పడం నా పని. పెళ్లికొడుకు వాళ్లు ఆ పని మానేయమన్నారనే కదా నేను కుదిరిన పెళ్లి వద్దన్నది, బాపు నాతో ఏడు నెలలు మాట్లాడనిది. ఆ రోజు పొద్దున పదింటికి క్లాసులో ఉండగా అన్న మెసేజ్ వచ్చింది. 'బాపు సీరియస్ ఉన్నడు. ఓసారి ఇంటికి రా.'

ఆ మాటకు మన దగ్గర రెండు అర్థాలున్నాయి అమ్మా. దవాఖానలో మనిషి చావుబతుకుల్లో ఉన్నా సీరియస్ అంటాం, కోపంతో ముఖం ముడుచుకుని కూర్చున్నా సీరియస్ అంటాం. ఇంగ్లీష్‌లో జబ్బు సీరియస్, గాయం సీరియస్. మనిషి సీరియస్ అంటే నవ్వులాటకు మాట్లాడటం లేదని. "మేనేజర్ నా మీద సీరియస్ అయ్యాడు" అని అతిథులతో అంటే వాళ్లకు అర్థం కాదు, యాంగ్రీ అనాలి అని క్లాసులో నేనే చెబుతాను. అందరికీ అంత వివరంగా చెప్పే నేను, నా ఇంటి నుంచి వచ్చిన మాటను నాకు అలవాటైన అర్థంలోనే తీసుకున్నాను. బాపు కోపం ఇంకా తగ్గలేదన్నమాట అనుకుని, 'కానియ్. సల్లబడ్డంక వస్త' అని జవాబు పెట్టాను.

ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. పంపిన తర్వాత రెండో అర్థం కూడా తట్టింది. ఫోన్ చేసి 'ఒంట్లో బాగలేదా?' అని అడిగితే సరిపోయేది. అడిగితే నేనే ముందు తగ్గినట్టవుతుందని అడగలేదు. ఫోను సంచిలో వేసుకుని పాఠం చెప్పాను.

సాయంత్రం బాపు పోయాడని జగదీశ్ చిన్నాయన ఫోన్ చేశాడు. నేను వచ్చేసరికి వాకిట్లో అందరి ముందూ అన్న ఫోను పట్టుకుని మేనత్త చదువుతోంది. "అయ్య పానం మీదికొస్తె, సల్లబడ్డంక వస్తనని రాసింది బిడ్డ." ఎవరూ నన్ను ఒక్క మాట అడగలేదు. బాపు కాళ్లు పట్టుకోబోతే నువ్వు నా చేయి తీసేశావు. ఆ చేతిని చూసుకున్నప్పుడల్లా నువ్వు చేసింది న్యాయమే అనిపిస్తుంది.

విజయవాడలో ఒక హోటల్ వాళ్లు పిలిచారు. పదో తారీఖున వెళ్తున్నాను. ఇక మీ కంట పడను. మోకాళ్ల నొప్పులకు మందులు మానకు.

నీ బిడ్డ,
శిరీష

*

పాల్మాకుల,
గురువారం

చెల్లె శిరీషకు,

నీ ఉత్తరం సోమవారమే అందింది. రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. నిన్న డ్యూటీ నుంచి వచ్చాక అమ్మ ముందు కూర్చుని చదివాను. సల్లబడ్డంక అన్నచోట ఆపేశాను.

"ఆపినవేందిరా? సదువు" అన్నది అమ్మ.

చదివాను. నువ్వు ఫోను సంచిలో వేసుకున్న దగ్గర మళ్లీ ఆగాను. ఇక దాచడం నా వల్ల కాలేదు.

చెల్లె, నువ్వు ఆ మాటను సరిగానే చదివావు. నేను రాసింది కోపం గురించే. పొద్దున పదింటికి బాపు నిక్షేపంగా ఉన్నాడు. మీ హోటల్ దగ్గర నిన్ను రోజూ చూస్తున్నానని మన పక్కింటి నరేందర్ చెప్పాడట. బాపు తింటున్న పళ్లెం పక్కకు నెట్టి నా మీద అరిచాడు. "రోజు శంషాబాద్ దాక వస్తదట. ఇంటికి రానీకి ఏమైంది దానికి? నేను మాట్లాడకపోతె అది మాట్లాడొద్దా? రమ్మను. ఇయ్యాల్నే రమ్మను." నువ్వు రావడం లేదనే ఆయన కోపం. ఆ సంగతి రాయకుండా సీరియస్ అని ఒక్క ముక్క రాసి పంపాను. నీ జవాబు ఆయనకు చూపించలేదు. "సాయంత్రం వస్తదట" అని అబద్ధం చెప్పాను. పళ్లెం మళ్లీ దగ్గరకు జరుపుకుని తిన్నాడు.

మూడింటికి పెరట్లో పడిపోయాడు. అమ్మ కొత్తూరులో పెద్దమ్మ దగ్గరుంది, ఇంట్లో నేనొక్కడినే. ఆటోలో శంషాబాద్ చేరేలోపే అంతా అయిపోయింది. దారిలో ఒక చేతిలో ఫోను ఉంది. నీ జవాబు మీద మంటతో నీకు చేయలేదు. ఇంటికి వచ్చాక "చెల్లెకు చెప్పలేదా?" అని అత్త అడిగితే, భయపడి ఆ మెసేజ్ చూపించాను. పొద్దటి నుంచే బాగలేడని కూడా అన్నాను. మరి పొద్దున్నే దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదని ఎవరూ అడగలేదు. నీ మీద పడ్డ నింద చూస్తూ నలభై రోజులు నోరు మూసుకున్నాను.

ఇదంతా విని అమ్మ "నా బిడ్డ చెయ్యి తీసేసిన గదరా" అని మాత్రం అన్నది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. రాత్రి అన్నం పెట్టలేదు.

ఈరోజు పొద్దున అత్త ఇంటికి, చిన్నాయన ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అత్త ఏడ్చింది. చిన్నాయన నన్ను బయటకు పొమ్మన్నాడు. నన్ను క్షమించమని అడగను. విజయవాడ పోవద్దనే ముఖం కూడా నాకు లేదు.

అమ్మ ఆదివారం నీ దగ్గరకు వస్తానంటోంది. నేను తోడు వస్తానంటే తల అడ్డంగా ఊపింది. ఆమె ఎప్పుడూ ఒంటరిగా బస్సెక్కలేదు. కండక్టర్‌కు చెప్పి ఎక్కిస్తాను. పదింటికల్లా మీ దగ్గరి ఆరాంఘర్ చౌరస్తాలో నిలబడి ఉండు. ఆమె నిన్ను చూసేదాకా బస్సు దిగదు.

మీ అన్న,
శ్రీకాంత్